ఆలస్యపు కోత

ఆ గురువారం పొద్దున్న ఒతీలియా కొండవాలు మీది పై మడిలో ద్రాక్షతీగలు కడుతోంది. నడుముకు చుట్టుకున్న గోనెగుడ్డలో నానబెట్టిన విల్లో పుల్లలున్నాయి. ఒక్కొక్కటి లాగి, కత్తిరించి వదిలిన కొమ్మను విల్లులా వంచి, ఇనపతీగకు ఆనించి, పుల్లను రెండు చుట్లు తిప్పి మెలిపెట్టి కొసను లోపలికి దోపుతోంది. కొమ్మ వంచేటప్పుడు సన్నగా చిటపటమంటుంది. ఆ చప్పుడు దగ్గరే ఆగాలి. ఇంకాస్త వంచితే విరుగుతుంది. చేతులకు తెలిసిన పని కాబట్టి ఆవిడ కళ్ళు పనిమీద లేవు. చాలా కిందుగా, దోరు నది మలుపు తిరిగే చోట ఉన్నాయి.

నిజానికి ఆ పని చెయ్యనక్కర్లేదు. సోమవారం పొక్లెయిను వస్తోంది. పై మడుల్లోని ముసలి మొక్కలన్నీ పీకించేసి బాదం మొక్కలు వేయించడానికి మాట్లాడుకుంది. నాలుగు రోజుల్లో వేళ్ళతో సహా లేచిపోయే మొక్కలకి తీగలు కట్టడమేమిటని చూసినవాళ్ళు నవ్వుతారు. కానీ మార్చి వచ్చిందంటే తీగలు కట్టాలి. కట్టకుండా ఇంట్లో కూర్చోవడం ఆవిడకు చేతకాలేదు.

కిందినుంచి ఎవరో ఎక్కి వస్తున్నారు. పట్నం బూట్లు పలకరాళ్ళ మీద జారుతున్నాయి. మనిషి మడికొకసారి ఆగి, మోకాలి మీద చెయ్యి ఆనించి, మళ్ళీ ఎక్కుతున్నాడు. దగ్గరికి వచ్చాక చూస్తే జుట్టంతా తెల్లబడిన పెద్దమనిషి. కోటు జేబు ఒక పక్కకి బరువుగా వేలాడుతోంది.

"ఒతీలియా గారంటే..."

"నేనే. ముందు ఆ గోడమీద కూర్చోండి, మాట తరవాత."

ఆయన కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. "నా పేరు తెలేష్. గాయా పట్నంలో, వైను కంపెనీలో పని చేస్తాను. వచ్చిన వైన్లు రుచి చూసి, ఏది దేనితో కలపాలో చెప్పే పని."

కంపెనీ అన్న మాటకి ఒతీలియా ముఖం ముడుచుకుంది. ఇంకో పుల్ల లాగింది. "మాకూ కంపెనీకీ ఇప్పుడేం లేదండీ. పోయిన కోతకి ముందే కొనుగోళ్ళు చూసే మీ నొగేర వచ్చి, మీ పళ్ళు మాకింక అక్కర్లేదని చెప్పి వెళ్ళాడు. మీకు తెలీదా?"

"నిన్ననే తెలిసింది. నేను అడగడానికి వచ్చింది అంతకుముందు ఏడాది వైను గురించి."

"అందులో ఏదన్నా తేడా వస్తే ఇప్పుడు నేనేం చెయ్యను? అడగాల్సిన మనిషి స్మశానంలో ఉన్నాడు."

"తేడా కాదండీ. బాగుంది. ఎంత బాగుందంటే, స్వయంగా వచ్చి చెప్పాలనిపించింది. అది మంచి ఏడాది ఒతీలియా గారూ. ఇలాంటి మంచి ఏడాదిని చూసి నాకు చాలాకాలమైంది."

చేతిలో కొమ్మ పుటుక్కున విరిగింది.

"మంచి ఏడాదా," అంది ఒతీలియా విరిగిన కొమ్మను చూస్తూ. "ఆ ఏడాదే మా ఆయన పోయాడు."

తెలేష్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నెమ్మదిగా, "క్షమించండి. మా గదిలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మాటే వాడుకుంటూ ఉంటాం. అదింకొకరి చెవికి ఎలా తగులుతుందో ఆలోచించం," అన్నాడు.

తల వంచుకున్న ఆ మనిషిని, చెమటకు అంటుకుపోయిన ఆ కాలరుని చూస్తే ఒతీలియాకు కోపం నిలవలేదు. పుల్లల గోనె విప్పి గోడమీద పెట్టింది.

"ఎండలో ఎక్కి వచ్చారు. కిందికి పదండి, ఏదన్నా తిందురుగాని."

వంటింట్లో మొక్కజొన్న రొట్టె కోసి, ఆలివ్ కాయలూ మేకపాల జున్నూ పెట్టింది. తెలేష్ కోటు జేబులోంచి రుమాలు చుట్టిన సీసా ఒకటి తీశాడు. దానిమీద కాగితమేమీ లేదు. గ్లాసులు అడిగితే, పెళ్ళినాటివి రెండు అల్మైరా పైఅరలోంచి తీసి, గళ్ళ తువ్వాలుతో తుడిచి పెట్టింది.

ఆయన ఇంకా పొయ్యలేదు. ముందు చెప్పడం మొదలుపెట్టాడు.

"మామూలుగా ఒక ఏడాది వైనుని ఇంకో ఏడాదితో కలుపుతాం. ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. అలా కలిపి పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతాం. ఎప్పుడో ఒక ఏడాది మాత్రం ఎవరి సాయం లేకుండా తన కాళ్ళమీద తను నిలబడుతుంది. దాన్ని రెండు చలికాలాలు పీపాలో ఉంచి, సీసాల్లో పోసి, మీద ఆ ఏడాది అంకె వేస్తాం. మిగతా పని సీసాలోనే, చీకట్లో జరుగుతుంది. ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు."

"మరి ఇది అలాంటిదా?"

"కాదనే అనుకున్నాను. ఆ వేసవి గుర్తుందా? ఆకులు కూడా మాడిపోయాయి. వానకి ముందు కోసినవాళ్ళ పళ్ళు తియ్యగానే ఉన్నాయి కానీ, తొక్క గట్టి, గింజ పచ్చి. ఆ వైను నోట్లో పెట్టుకుంటే మొహం మాడ్చుకున్నట్టుంటుంది. వానలో కోసినవాళ్ళవి నీళ్ళోడుతున్నాయి. పోనీలే, ఈ ఏడాది అంకె వెయ్యక్కర్లేదు అనుకున్నాను. గిడ్డంగి చివర మూడు పీపాలు పడి ఉన్నాయి. మిగిలినవాటిలో కలిపెయ్యమని పక్కన పెట్టారు. కలిపే ముందు అలవాటు కొద్దీ నోట్లో వేసుకున్నాను. వేసుకుని ఆ పీపా మీదే కూర్చుండిపోయాను." తెలేష్ నవ్వాడు. "తరవాత దాన్ని కొద్దికొద్దిగా మిగతా వైన్లతో కలిపి చూశాను. కూలబడ్డ మనిషికి వెన్ను నిలబెట్టినట్టు అన్నీ నిలబడ్డాయి. అప్పుడు అడిగాను, ఇది ఎవరిదని."

ఒతీలియా ఆలివ్ గింజలను పళ్ళెం అంచున పేర్చుతోంది.

"వాన పడ్డాక ఎన్నాళ్ళకి కోశారు?"

"చాలా రోజులకి."

"అదీ సంగతి. ఎండిన పళ్ళు వాననీళ్ళు తాగి ఉబ్బుతాయి. అప్పుడు కోస్తే నీళ్ళే. ఆ తరవాత వారం పైగా తూర్పుగాలి వీచింది. ఆగినవాళ్ళకి ఆ నీళ్ళు ఆరి, తొక్క మెత్తబడి, గింజ పండింది. పైగా ముసలి మొక్కలు, వేళ్ళు ఎంత లోతుకి పోయాయో. కానీ అందరూ భయపడి కోసేసుకుంటుంటే ఆగడానికి గుండె కావాలి. మీరు ఆగారు."

"నేను ఆగలేదండీ," అంది ఒతీలియా. "నేనసలు చేను వైపు చూడలేదు."

చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. ముక్కలు ముక్కలుగా చెప్పింది. కోత మొదలెట్టాల్సిన రోజునే విలా రియల్ ఆసుపత్రిలో భర్త ఆదేరితు పోయాడు. వానలోనే తీసుకెళ్ళి పాతిపెట్టారు. ఇంటికొచ్చి కిటికీ రెక్కలు వేసుకుంది. పళ్ళు ఉన్నాయో రాలాయో పట్టించుకోలేదు. వాన వెలిసింది, గాలి వీచింది. ఒక పొద్దున్న చేలో మనుషుల మాటలు వినిపించాయి. పొరుగు చేను బెలార్మీను, అతని భార్య గ్రాసియెట్, వాళ్ళ కూలీల గుంపు. ఆవిడని అడగలేదు, పిలవలేదు. బుట్టలు నింపి మోసుకొచ్చి ఆదేరితు రాతితొట్టిలోనే పోశారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని, పళ్ళు తొక్కడానికి తొట్టిలోకి దిగారు.

"తొక్కేటప్పుడు పాట పాడతారు కదా. అకార్డియన్ ఉంటుంది. వాళ్ళు పాడలేదు. ఇంట్లో నేనున్నానని. ఎడమ, కుడి అని ఒక్క గొంతు, మెల్లగా. అంతే. నేను మంచమ్మీద పడుకుని వింటూ ఉన్నాను. లేచి బయటికి రాలేదు."

"రసం పులిసి తీపంతా పోకముందే సారా కలపాలి కదా, అదీ వాళ్ళేనా?"

"కంపెనీ సారా పీపా ఆలస్యంగా పంపింది. వాళ్ళే కాచుకుని కూర్చుని కలిపారు. తరవాత నొగేర వచ్చాడు. ఏమన్నాడో తెలుసా? పిట్టలు తినగా మిగిలినవి ఇచ్చారు అన్నాడు. నల్లబట్టలేసుకుని గుమ్మంలో నిలబడి విన్నాను."

తెలేష్ బిరడా తీసి, రెండు గ్లాసుల్లోనూ కొద్దికొద్దిగా పోశాడు.

నల్లగా ఉంది. గ్లాసు వంచితే దాని లోపలి పక్కలకి ఊదారంగు అంటుకుని దిగనంటోంది. ఒతీలియా ముక్కు దగ్గర పెట్టుకుంది. పళ్ళ వాసన ముందు రాలేదు. మండుటెండలో కొండవెనక జిగురుపొదలు కాగి వదిలే వాసన వచ్చింది. ఆగస్టులో ఆదేరితు చొక్కాకి ఉండే వాసన అది. నోట్లో పోసుకుంది. తీపి, వెంటనే వేడి, ఆ తరవాత చిగుళ్ళని పట్టుకుని వదలని వగరు.

ముప్ఫై ఏళ్ళుగా పళ్ళు పండిస్తోంది. పీపా గేటు దాటాక ఆ రసానికి ఏమవుతుందో ఎన్నడూ నోటితో తెలుసుకోలేదు. రేగువా బజారులో అద్దాల వెనక సీసాలు చూడ్డమే.

"పళ్ళు పట్టేస్తోంది," అంది.

"పట్టెయ్యాలి. ఇప్పుడే మెత్తగా ఉంటే ముసలితనానికి ఏం మిగులుతుంది? ఇది నెమ్మదించేసరికి నేనుండను. మీరుండొచ్చు."

"నన్నెందుకు అంతకాలం ఉండమంటారు," అని నవ్వింది. నవ్వాక, చెంపలు తడిగా ఉన్నాయని తెలిసింది. తువ్వాలుతో తుడుచుకుంది.

వెళ్ళడానికి లేచినప్పుడు తెలేష్ అన్నాడు: "ఇంకా ఏదీ ఖాయం కాలేదు. అంకె వెయ్యాలంటే సర్కారు సంస్థకి నమూనాలు పంపాలి, వాళ్ళు ఒప్పుకోవాలి. కానీ పై మడి మొక్కలు పీకించేస్తున్నారని కింద ఊళ్ళో అన్నారు, పీకించకండి. నొగేరని నేనే వెంటబెట్టుకొస్తాను. ఆ పిట్టల మాట ఆయనే వెనక్కి తీసుకునేలా చేస్తాను."

"మాట వెనక్కెందుకండీ. ఈసారి పళ్ళు చూసి మాట్లాడమనండి, చాలు."

"అలాగే. ఎగువ ఊళ్ళు తిరిగి ఆదివారం ఇటే వస్తాను. ఆ కోత కోసినవాళ్ళకి నా నోటితో ఒక మాట చెప్పాలనుంది. చెప్పొచ్చా?"

ఒతీలియా తలూపింది. వాళ్ళకి తనే ఇంతవరకూ ఒక్క మాటా చెప్పలేదని అప్పుడు తట్టింది.

సీసాలో మిగిలింది ఆయన ఆవిడకే వదిలి వెళ్ళాడు.

సాయంత్రం ఆ సీసా పట్టుకుని బెలార్మీను ఇంటికి వెళ్ళింది. పెరట్లో గ్రాసియెట్ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుగింజలు ఏరుతోంది. బెలార్మీను పార పదును పెడుతున్నాడు. ఆదేరితుకీ అతనికీ ఊటనీళ్ళ వంతు మీద తగాదా వచ్చి, ఏళ్ళపాటు మాటల్లేవు. ఆదేరితు పోయాక కూడా అతను ఒతీలియా ఇంటిముందు దారి మాని, చుట్టూ తిరిగి కింది బాటన పోతూనే ఉన్నాడు. ఆవిణ్ణి చూడగానే పార వదిలేసి లేవబోయాడు.

"రా వదినా, కూర్చో," అంది గ్రాసియెట్ పీట జరిపి.

"మిషను వాడికి దారి కావాలేమో," అన్నాడు బెలార్మీను భార్యతో, ఒతీలియా వైపు చూడకుండా. "మన చేలోంచి తెచ్చుకోమను. నేనేం అనను."

"మిషను సంగతి తరవాత. ముందు ఇది తాగు."

"ఏంటది, దగ్గుమందా?"

"తాగమన్నానా."

అతను గ్లాసు అందుకుని వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. నోరు మూసుకుని అలాగే నిలబడ్డాడు. రెండో గుక్క కొంచెం కొంచెంగా తాగాడు.

"ఎవరిదిది?"

"నువ్వు కోసిందే. మా పై మడిది." ఒతీలియా దారంతా కూడబెట్టుకున్న మాటలు ఎక్కడికో పోయాయి. "ఆ సెప్టెంబర్లో మీరంతా వచ్చి కోశారు. తొక్కారు. ఇన్నాళ్ళయింది, మీకొక్క మాట చెప్పలేదు నేను. అది చెబుదామనే..."

"ఆ ఊసెత్తకు," అన్నాడు బెలార్మీను. గ్లాసు గోడమీద పెట్టి లోపలికి నడవబోయాడు.

"ఎత్తనీ," అంది గ్రాసియెట్. "ఎన్నాళ్ళు ఆ కింది బాట పట్టుకుని తిరుగుతావు? వదినా, ఈయన మీ ఇంటివైపు ఎందుకు రాడో తెలుసా నీకు?"

"నీళ్ళ గొడవ ఇంకా మనసులో పెట్టుకున్నాడనుకున్నాను."

"నీళ్ళూ లేవు, గొడవా లేదు. అది ఆదేరితుతోనే పోయింది. స్మశానం నుంచి వచ్చిన రోజునే అన్నాను నేను, కూలీలు మన దగ్గరున్నారు, ముందు వాళ్ళ పళ్ళు కోసిపెడదామని. ఈయన వినలేదు. ముందు మనవి అన్నాడు. వాన పడుతుంటే మావి కోసుకున్నాం. మావి అయ్యాక కూడా ఇవాళా రేపా అని జరిపాడు, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలీక. చివరికి వెళ్ళేసరికి అంత ఆలస్యమైంది. కంపెనీవాడు నీ పళ్ళు వద్దన్నాడని తెలిసిన దగ్గర్నించీ ఈయనకి సరిగ్గా తిండి లేదు. తన మూలంగానే నీ చేను పోతోందని."

"అబద్ధమా?" అన్నాడు బెలార్మీను గుమ్మం వైపే తిరిగి. "ఇంట్లోంచి శవం వెళ్ళిన వారమే అది. నా పళ్ళు ముందు అన్నాను. అన్నానా లేదా?"

ఒతీలియా అతని వీపుని చూస్తూ నిలబడింది. గీరుకుపోయిన తోలు బెల్టు, మెడమీద ఎండకి పగిలిన చర్మం. ఇన్నాళ్ళూ తనని తప్పించుకుని తిరుగుతున్నాడని తిట్టుకున్న మనిషి. ఎందుకో తెలీదు, ముందు నవ్వొచ్చింది. ఆపుకోవడం చేతకాలేదు.

"ఏం, నవ్వులాటగా ఉందా నీకు?" అన్నాడతను తిరిగి.

"నువ్వు ముందొచ్చి ఉంటే అంతా పాడైపోయేదయ్యా," అంది. తెలేష్ చెప్పిందంతా చెప్పింది. వాన, గాలి, గింజ పండటం, గిడ్డంగి చివర పడేసిన మూడు పీపాలు. గ్రాసియెట్ ఏరడం ఆపేసింది.

బెలార్మీను గుమ్మం దగ్గర్నించి వెనక్కి వచ్చాడు. "అంటే నేను మర్యాదగా, సమయానికి వచ్చి కోసి ఉంటే?"

"నీ వైను లాగే నీళ్ళు."

"నా వైను మీద పడతావేంటి మధ్యలో," అన్నాడు. గోడమీది గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. "ఆదేరితు ఉండి ఉంటే, ఇది తాగి నా మొహమ్మీదే నవ్వేవాడు."

"నవ్వేవాడే," అంది ఒతీలియా. "తరవాత ఇంకో గ్లాసు పోసేవాడు." సీసాకి బిరడా బిగించి, "ఆదివారం అందరూ మా ఇంటికి రండి. ఆ కోతలో చెయ్యి పెట్టినవాళ్ళంతా. కోత విందు పెట్టనే లేదు నేను," అంది.

"ఈస్టర్ ముందు ఉపవాసాల్లో కోత విందేంటి వదినా?"

"ఎండుచేప వండుతాను. దానికి పాదిరి అడ్డు చెప్పడులే."

శుక్రవారం పొద్దున్నే ఉప్పుపట్టిన కాడ్ చేపలు ముక్కలు కొట్టి పెద్ద మట్టి బానలో నానేసింది. ఉప్పు దిగాలంటే నీళ్ళు మారుస్తూ ఉండాలి. బాన వంచి పారబోసి, ఊటనుంచి చల్లటి నీళ్ళు తెచ్చి పోసి, మధ్యలో కొనవేలు ముంచి నాలుక్కి రాసుకుని చూసేది. పొక్లెయినువాడి ఇంటికి వెళ్ళి, సోమవారం రావద్దని చెప్పింది. వాడు సణిగాడు. బాదం అయితే మంచి ఆదాయం కదా అన్నాడు. "నిజమే నాయనా," అంది ఆవిడ, వాడి భార్య చేతిలో కోడిగుడ్ల బుట్ట పెట్టి వచ్చింది.

శనివారం మళ్ళీ పై మడికి ఎక్కింది. కాసేపటికి ఆ వరస అవతలి చివర ఎవరో దగ్గారు. చూస్తే బెలార్మీను, నడుముకు గోనెగుడ్డ, అందులో పుల్లలు. పలకరించలేదు. కొమ్మ వంచి కట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇటునుంచి, అతను అటునుంచి. అతను పుల్లని ఎడంవైపు మెలిపెడతాడు. ఇద్దరూ వరస మధ్యలో కలుసుకున్నారు.

"ఇన్ని మొగ్గలు వదిలావేంటి కొమ్మకి?" అన్నాడు.

"పీకించేస్తాను కదా అని వదిలేశాను. ఇప్పుడు తియ్యాలి."

అతను జేబులోంచి కత్తెర తీసి, వెనక్కి తిరిగి, వరస మొదటికి వెళ్ళాడు.

ఆదివారం పూజ అయ్యాక ఒక్కొక్కరే వచ్చారు. ముసలాళ్ళు కుర్చీల్లో, కుర్రాళ్ళు మెట్లమీద సర్దుకున్నారు. ఒతీలియా ఉడికిన బంగాళాదుంపలూ, ఆకుకూరా, చేపముక్కలూ మట్టి పళ్ళేల్లో పేర్చి, మీద వెల్లుల్లి వేసి కాచిన ఆలివ్ నూనె ధారగా పోసింది. తెలేష్ దుమ్ముకొట్టుకున్న బూట్లతో వచ్చి, ఇంకో సీసా బల్లమీద పెట్టాడు. తలా ఒక వేలెడు చొప్పున తనే పోశాడు. గురువారం ఆవిడకి చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. నిలబడి, టోపీ తీసి చెప్పాడు.

ఆనాడు తొట్టిలో దిగి తొక్కిన ముసలావిడ ఒకామె గ్లాసు అడుగున మిగిలిన చుక్క కోసం తల పూర్తిగా వెనక్కి వంచి తాగి, మూతి తుడుచుకుంది.

"కాళ్ళు బాగానే కడుక్కున్నాం లెండి," అంది.

అందరూ గొల్లుమన్నారు. ఆపైన మాటలు ఆగలేదు. ఇకనుంచి తామూ ఆలస్యంగానే కోస్తామని ఒకడన్నాడు.

"అలా చెయ్యకండి బాబూ," అన్నాడు తెలేష్. "ఆ గాలి రాకపోయి ఉంటే బూజే మిగిలేది. ఇంకో ఏడాది ఇలా జరుగుతుందని నేను చెప్పలేను. ఇదొక్కసారి అన్నీ కలిసొచ్చాయి. దానికి పొగడాలంటే ఎవర్ని పొగడాలో నాకూ తెలీదు."

"మా ఆయన సిగ్గుని పొగడండి," అంది గ్రాసియెట్. బెలార్మీను రొట్టెముక్క నూనెలో అద్దుకుంటూ విననట్టు ఊరుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఒతీలియా కూర్చోలేదు. ఒక్కో పళ్ళెం దగ్గరికి వెళ్ళి చేపముక్క పెద్దది చూసి వేసింది. రెండోసారి వద్దన్నవాళ్ళకి కూడా వేసింది. ఒక్కొక్కరి వెనక నిలబడి ఏదో చెప్పాలనుకుంది. భుజంమీద చెయ్యి వేసి, "తిను," అనడం తప్ప ఇంకేమీ నోట రాలేదు. వాళ్ళకి అది చాలినట్టే ఉంది.

బెలార్మీను లేచి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు అతని చేతిలో పూసిన పీచ్ కొమ్మ ఒకటి ఉంది. కొమ్మ నిండా రంగు రంగుల రిబ్బన్లు, కాగితప్పూలు. కోత ముగిసిన రోజున కూలీలంతా కలిసి అలాంటి కొమ్మ కట్టి చేను యజమానికి అందించడం అక్కడి రివాజు. మామూలుగా ద్రాక్షాకులతో కడతారు. మార్చిలో ద్రాక్షకు ఆకులెక్కడివి. రిబ్బన్లు గ్రాసియెట్ రాత్రి కూర్చుని కత్తిరించినట్టుంది, అంచులు ఇంకా పోగులు పోగులుగా ఉన్నాయి.

ఈ ఇంట్లో ఆ కొమ్మ అందుకున్నది ఎప్పుడూ ఆదేరితే. ఒతీలియా అప్పుడు వంటింట్లో ఉండేది.

బెలార్మీను బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. బెంచీలు జరిగాయి. కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. వెనకాలే తెలేష్ కూడా లేచాడు.

"కోత అయింది ఒతీలియా," అన్నాడు బెలార్మీను. "ఆలస్యమైంది. తీసుకో."

ఆవిడ నూనె చేతులు ఏప్రనుకి తుడుచుకుని, కొమ్మను రెండు చేతులా అందుకుంది. పూరేకులు కొన్ని పళ్ళేల్లో రాలాయి. గుండెలకి ఆనించుకుని ఒక్కొక్కరి మొహం చూస్తూ పోయింది, చివరిదాకా, ఎవర్నీ వదలకుండా.

"అందరికీ..." అని మొదలుపెట్టి, ఆగి, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి," అంది. "కూర్చోండి. చేప చల్లారిపోతోంది."